మా అమ్మ పుట్టింటి పుస్తె

హుగ్లీ నీళ్ళలో కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నిలువు లోతు దిగేసరికి టీ రంగు మసక కమ్ముకుంటుంది. ఇంకాస్త దిగితే మన చెయ్యి మనకే కనబడదు. అందుకే నేను కళ్ళు మూసుకునే పని చేస్తాను. తెరిచి ఉంచితే ఏదైనా కనిపిస్తుందేమోనని మనసు ఆశపడుతుంది, ఆ ఆశతో వేళ్ళు సోమరిపోతులవుతాయి. నీళ్ళ అడుగున నాకు కళ్ళైనా వేళ్ళే, దీపమైనా వేళ్ళే.

నా ఉద్యోగం కూడా నీళ్ళలోనే. ఒక కాంట్రాక్టరు దగ్గర డైవర్ని. ఓడల పంకాలకి చుట్టుకున్న తాళ్ళూ వలలూ కోసి తీయడం, డాక్ గేట్ల కింద పేరుకున్న చెత్త లాగడం నా పని. వారమంతా ఆ బురదలో పొర్లి, సెలవు రోజున మళ్ళీ సొంత సిలిండరు వీపుకి కట్టుకుని అదే బురదలోకి సరదాగా దిగుతానంటే మా ఇంట్లో ఎవరికీ బుర్రకెక్కదు. నా సరదా పాత సీసాలు. గోలీసోడా సీసాలు, సిరా సీసాలు, ఒంటి మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండే మందు సీసాలు, ఎప్పటివో ఓడల వాళ్ళు తాగి పారేసిన దళసరి అడుగు సారా సీసాలు. కలకత్తా వాట్‌గంజ్‌లో మేముండే రెండు గదుల ఇంటి వసారాలో అవి వరసగా నిలబడి ఉంటాయి. మా అమ్మ వాటికి ‘తాగుబోతోల ఎంగిలి’ అని పేరు పెట్టింది. అలా పేరు పెట్టిన మనిషే, అన్నిటిలోకీ అందమైన నీలం సీసాని నన్ను అడక్కుండా తీసుకుని ఆవనూనె పోసుకుంది. అదేమిటంటే, ఎంగిలి కడిగేశానంది.

దిగేటప్పుడు నా నడుముకి తాడు ఉంటుంది. దాని రెండో కొస గట్టు మీద నా భార్య చేతిలో ఉంటుంది. పైనుంచి ఒకసారి లాగితే బాగున్నావా అని అడిగినట్టు. కింద నుంచి ఒకసారి లాగితే బాగున్నానని చెప్పినట్టు. వరసగా లాగితే ఇక మాటల్లేవు, పైకి లాగేయడమే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య గొడవ లేకుండా సాగే సంభాషణ అదొక్కటే.

మా నాన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో పోయాడు. శ్రీకాకుళం తీరం నుంచి మీసాలు రాకముందే వచ్చి డాకులో ఖలాసీగా చేరి, ఒళ్ళు అరిగేదాకా బరువులెత్తి, వయసు మీదపడి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఏడ్చాం. కష్టపడకుండా పోయాడన్న తృప్తి కూడా ఉంది. పదో రోజు కర్మ మా ఇంటి దగ్గరి ఘాట్‌లోనే చేశాం. లిలువా రైల్వే కాలనీ నుంచి మన తెలుగు పంతులుగారు వచ్చారు.

పుస్తెలు తీసే తంతు మాత్రం వద్దన్నాను. ఆ వయసు మనిషి మెడ మీద చెయ్యి వెయ్యడానికి మీకు మనసెలా ఒప్పుతుందని పెద్దవాళ్ళ మీద అరిచాను కూడా. నా నోరు మంచిది కాదని మా పేటంతా ఎరుగుదురు. చివరికి మా అమ్మే నన్ను ఆపింది. అందరికీ జరిగిందే తనకీ జరగనివ్వమంది. మా మేనత్త, అంటే మా నాన్న చెల్లెలు, తనూ భర్త పోయిన మనిషే. ఆవిడ అమ్మ మెడలోని పసుపుతాడు తెంపి, రెండు పుస్తెల్నీ పాలగిన్నెలో వేసింది. మాలో అదే పద్ధతి. ఆ గిన్నె అలాగే ఇంటికి తెచ్చి, పాలు ఏదైనా చెట్టు మొదట్లో పోసి, పుస్తెలు కడిగి దాచుకోవాలి.

మా మేనత్త పెళ్ళై కలకత్తా వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఆ ఘాట్‌కే వస్తుంది. చిన్న గిన్నెడు పాలు గంగకి, అంటే ఇక్కడివాళ్ళు గంగ అని కొలిచే ఈ హుగ్లీకి, పోసి దండం పెట్టుకుని వెళ్తుంది. ఇరుగుపొరుగు బెంగాలీ ఆడవాళ్ళతో తిరిగి పట్టుకున్న అలవాటది. ఆ రోజు కూడా చేతిలో పాలగిన్నె ఉంది, ఎదురుగా గంగ ఉంది. తంతు ముగిసి అందరం లేస్తుంటే, ఆవిడ ఆఖరి మెట్టు దాకా దిగి, కళ్ళు మూసుకుని, గంగమ్మ తల్లీ అంటూ గిన్నె వొంపేసింది. కళ్ళు తెరిచి ఖాళీ గిన్నెలోకి చూసుకుని అక్కడే కూలబడిపోయింది.

మా ఊళ్ళో ఇది జరగదు, అక్కడ పాలు పోయడానికి గంగ లేదు. బెంగాలీల ఇళ్ళలోనూ జరగదు, వాళ్ళకి పాలలో పుస్తెలు వేసే పద్ధతే లేదు. రెండూ కలిపి పెట్టుకున్నది మాలాంటి వాళ్ళమే కాబట్టి ఈ పొరపాటు మాకే దక్కింది. ఆ క్షణంలో అందరూ అత్త మీద పడ్డారు. నేనూ ఏదో అనబోయాను. మా అమ్మ మాత్రం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, పోనీలే అంటూ వీపు నిమిరింది. భర్త పోయింది ఎవరికో, ఓదార్పు ఎవరికో తెలియకుండా పోయింది.

అంత నిబ్బరంగా ఇంటికి వచ్చిన మనిషి, మర్నాటి నుంచి తిండి మానేసింది. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. వసారాలో నా సీసాల పక్కన కూర్చుని, బోసి మెడ మీద చెయ్యి వేసుకుని తడుముకునేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు పాపం మొగుడి మీద బెంగ అనుకుని వెళ్ళేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పక్కన కూర్చుని, నాన్న గుర్తొస్తున్నాడా అని అడిగాను.

“మీ అయ్య పుస్తె పోతే పోనీరా. మనిసే ఎల్లిపోనాడు. రెండోది మా అమ్మది. అది తప్ప మా అమ్మది నాకాడ ఏటీ నేదు” అంది.

పెళ్ళిలో పుస్తెలు రెండు. ఒకటి అత్తింటివాళ్ళు చేయిస్తారు, ఒకటి పుట్టింటివాళ్ళు చేయిస్తారు. అత్తింటిది దళసరిగా, ఘనంగా చేయించారట. పుట్టింట్లో బంగారమంటూ ఉన్నది మా అమ్మమ్మ చెవి కమ్మలే. అవి కరిగించి పుస్తె చేయించి, అమ్మమ్మ చచ్చేదాకా చెవులకి చీపురుపుల్లలు పెట్టుకుని తిరిగిందట. ఆవిడని నేను చూడలేదు. అమ్మ కాపురానికి కలకత్తా వచ్చాక, నేను కడుపులో ఉన్నప్పుడు పోయింది. కబురు ఇక్కడికి అందేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. తర్వాతెప్పుడో తుఫానుకి ఆ ఇల్లు కూడా పోయింది. ఫొటో ఎప్పుడూ లేదు. జుట్టంతా నెరిసిన మా అమ్మ, మనవల్ని ఎత్తిన మా అమ్మ, అమ్మ కావాలని ఏడుస్తోంది. ఆ ఏడుపుకి మందు నా దగ్గర ఒక్కటే ఉంది. దిగి వెతుకుతానన్నాను.

పేటలో విన్నవాళ్ళందరూ నవ్వారు. గంగలో పడ్డ బంగారం గంగదే అన్నారు. వాళ్ళకి బురద సంగతి తెలియదు. కర్రా బట్టా లాంటివి ప్రవాహంతో పోతాయి. బరువైనది నిట్టనిలువుగా పడి, మెత్తటి పూడికలోంచి జారి, కింద గట్టి మన్ను తగిలేదాకా దిగి, అక్కడ కూర్చుంటుంది. నా సీసాలు ఇన్నేళ్ళు కదలకుండా ఉన్నది అందుకే. పైగా అత్త పాలు పోసింది నీళ్ళు బాగా వెనక్కి తీసిన సమయంలో, ఆఖరి మెట్టు మీద నిలబడి. ఎక్కడ నిలబడిందో, ఏ చేత్తో వొంపిందో ఆవిడ నాకు నిలబడి చూపించింది. ఆ మెట్టు దాటితే నేల ఒక్కసారిగా లోతుకి పోతుంది. వెతకాల్సిన చోటు ఒక గది కంటే పెద్దది కాదు. గడువు మాత్రం ఉంది. అమావాస్య పోటుతో పాటు బాన్ వస్తుంది. సముద్రం వైపు నుంచి నీళ్ళు గోడలా లేచి నదికి ఎదురొచ్చే ఆ అలనే ఇక్కడ బాన్ అంటారు. అది వచ్చి వెళ్ళాక ఘాట్ అడుగున బురద ఎక్కడిది అక్కడ ఉండదు.

రెండు పుస్తెలకీ తేడా చేతికి ఎలా తెలుస్తుందని అమ్మని అడిగాను. నన్ను కళ్ళు మూసుకోమంది. నా అరచేతిలో తన చూపుడువేలితో గీసి చెప్పింది. నాన్న వైపుది మందం, నడుమ బొడిపె పెద్దది. అమ్మమ్మది కాగితమంత పల్చన, బొడిపె ఉందా లేదా అన్నట్టుంటుంది, అంచు ఒక పక్క వొంగి ఉంటుంది. ఆ వేలు అరచేతిలో తిరుగుతుంటే చిన్నప్పుడు ఆవిడ పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది గుర్తొచ్చింది. కలకత్తాలో పుట్టిన నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆ వేలి పుణ్యమే.

పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు కాసేపు నిలబడతాయి. ఆ కాసేపే మనది. మొదటిరోజు దిగినప్పుడు తాడు నా భార్య పట్టుకుంది. బోర్లా పడుకుని, మోచేతుల దాకా బురదలో పెట్టి, గట్టి మన్ను మీద వేళ్ళతో జానెడు జానెడు తడుముకుంటూ పోయాను. మట్టి ప్రమిదలు, టీ తాగి పారేసిన మట్టి కప్పులు, నాణాలు, ఎవరిదో కాలి మట్టె, విరిగిన కుంకుమ భరిణె తగిలాయి. ఒకచోట చల్లగా, నున్నగా, మెడ దగ్గర నొక్కు పడి ఒక సీసా తగిలింది. గోలీసోడా సీసా. మూతి చెక్కు చెదరలేదు, లోపల గోలీ కదులుతోంది. ఇంకోరోజైతే దాన్ని గుండెకి హత్తుకుని పైకొచ్చేవాణ్ణి. ఆ రోజు దాన్ని పక్కకి జరిపి, అది ఉన్న చోట వెతికాను. పుస్తెలు దొరకలేదు.

మళ్ళీ వీలు కుదిరేసరికి అమావాస్య దగ్గరపడింది. ఆ రోజు మా అమ్మ కూడా ఘాట్‌కి వచ్చింది. మేనత్త ఎలాగూ రోజూ అక్కడే కూర్చుంటోంది. నేను సిలిండరు తగిలించుకుంటుంటే అమ్మ తాడు అందుకుంది. నా భార్య నా వంక చూసింది. వద్దు, ఆ పని నీది కాదని నేనన్నాను.

“నీ పేగు తాడు పట్టుకున్నదాన్ని, నీ నడుం తాడు పట్టుకోనేనేటి?” అంది మా అమ్మ.

ఆ మాటకి ఎదురు చెప్పేంత తెలుగు నాకు రాదు. నా భార్య పక్కన కూర్చుని, ఎలా లాగాలో, జవాబు ఎలా వస్తుందో చూపించింది. నేను దిగాను. మెట్ల చివర ఉండగానే తాడు ఒకసారి కదిలింది. బాగున్నావా అని. జవాబిచ్చాను. ఇంకాస్త దిగాక మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ జవాబిచ్చాను. ఇలా ప్రతి ఊపిరికీ అడుగుతూ ఉంటే వెతికేదెప్పుడని నాలో నేను విసుక్కున్నాను.

ఆ అడుగున నిమజ్జనం చేసిన దుర్గమ్మల వెదురు చట్రాలు ఉంటాయి. మట్టి కరిగిపోయి, గడ్డి కుళ్ళిపోయి, బద్దలు మాత్రం మిగులుతాయి. వాటిని తప్పించుకుంటూ కొత్త జాగాలోకి జరిగాను. అక్కడ పూడిక మెత్తగా ఉంది. కాసేపటికి అమ్మ అడగడం మానేసింది. అమ్మయ్య, ధైర్యం చిక్కిందన్నమాట అనుకున్నాను. ప్రశాంతంగా ఉంది. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత హాయిగా ఎన్నడూ వెతకలేదు.

అప్పుడు కుడిచేతి నడిమి వేలి కింద గుండ్రంగా ఒకటి తగిలింది. రెండు వేళ్ళతో పట్టుకుని బొటనవేలితో తడిమాను. మందంగా ఉంది. నడుమ బొడిపె వేలికి గట్టిగా తగిలింది. అది మా నాన్న పుస్తె. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. నాన్నా, నువ్వు కాదు కావలసింది అనుకున్నాను. పాపం, బతికున్నప్పుడు కూడా ఆయన పిలవకుండానే ముందు వచ్చి నిలబడే మనిషి. దాన్ని ఛాతీ మీది సంచిలో వేసి జిప్ లాగాను. ఒకటి ఇక్కడుంటే రెండోది దూరం పోదు. ఆ చుట్టుపక్కలే ఓపిగ్గా తడిమాను. వేళ్ళకి నీళ్ళ కదలిక తెలియడం మొదలైంది. పోటు తిరుగుతోంది. ఒకసారి పైకెళ్ళి, సంగతి చెప్పి, నీళ్ళు పూర్తిగా లేవకముందే మళ్ళీ దిగుదామని లేచాను. లేచేటప్పుడు తడిమితే తాడు వెదురు చట్రంలో రెండు మెలికలు పడి బిగుసుకుని ఉంది. విడిపించుకుని పైకొచ్చాను.

నీళ్ళలోంచి తల ఎత్తేసరికి మా అమ్మ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. తాడు ఆవిడ మణికట్టుకి మూడు చుట్లు తిరిగి, చర్మంలోకి దిగిపోయింది. నా భార్య వెనక నుంచి ఆవిడ నడుం పట్టుకుని ఉంది. మేనత్త మెట్ల మీద గుండెలు బాదుకుంటోంది. పడవ నడిపే మాఝీ దాదా ఎవరో నీళ్ళలోకి దూకడానికి చొక్కా విప్పుతున్నాడు. నోట్లో గొట్టం తీసి, అమ్మని నీళ్ళలోకి ఎవరు దిగనిచ్చారని నా భార్య మీద కేకలేశాను. తను వంగి అమ్మ మణికట్టు మీది చుట్లు విప్పసాగింది.

మా అమ్మ నా ముఖం మీద చెయ్యి వేసింది. నుదురు, కళ్ళు, ముక్కు, గడ్డం తడిమింది. నేను బురదలో తడుముతానే, అలా తడిమింది. దొరికిందా అని అడిగింది మేనత్త. సంచి జిప్ తీసి పుస్తె బయటికి తీశాను. రెండోది కూడా అక్కడే ఉంది, ఒక్కసారి దిగొస్తాను అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో అమ్మ దాన్ని నా వేళ్ళ మధ్య నుంచి తీసుకుని గుప్పిట మూసేసింది. దాని వంక చూడనైనా చూడలేదు.

“ఇదే. మా అమ్మదే. ఇంక దిగొద్దు” అంది.

మేనత్త ఏడుస్తూ వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడింది. మాఝీ దాదా నవ్వుతూ చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు. ఇది అమ్మమ్మది కాదని చెప్పాలి. కానీ ఆ గుప్పిట అంత గట్టిగా బిగుసుకుని ఉంటే ఎలా చెప్పను? నడుం తాడు విప్పుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

ఇంటికొచ్చాక, స్నానం చేస్తుంటే నా భార్య తలుపు అవతల నిలబడి జరిగింది చెప్పింది. కాసేపు బాగానే జవాబులొచ్చాయట. తర్వాత అమ్మ లాగితే తాడు బిర్రుగా నిలిచిపోయింది. మళ్ళీ లాగింది, జవాబు లేదు. తనకివ్వమని నా భార్య ఎంత బతిమాలినా వదల్లేదు. చుట్లు చుట్టుకుని, లాగుతూ, మెట్టు మెట్టు నీళ్ళలోకి దిగిపోయింది. నేను కింద హాయిగా ఉన్నానని మురిసిపోయిన సేపంతా పైన అదీ సంగతి. ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం మా అమ్మ చాలా రోజుల తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. చేపల పులుసు తనే పెట్టింది. పుస్తె నల్లతాడుకి కట్టుకుని మెడలో వేసుకుంది. మణికట్టుకి పసుపు రాసిన గుడ్డ చుట్టుకుని ఉంది. నాకు వడ్డించి, తనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నాలుగు ముద్దలు తినేదాకా ఆగాను. తర్వాత, అష్టమికి పోటు మెత్తబడుతుంది, బాన్‌కి బురద కదిలినా సరే, ఘాట్ అడుగంతా ఇంకొక్కసారి వెతుకుతానన్నాను.

దేనికి, దొరికింది కదా అంది తల ఎత్తకుండా.

“అమ్మా, అది నాన్నది. నా చేతి ఏళ్ళకి తెలుసు.”

మా అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టింది. మెడలోని పుస్తెని ఎడంచేత్తో పట్టుకుని, బొటనవేలితో దాని బొడిపె ఒకసారి తడిమింది.

“నాకు తెల్దేటి? సేతిలో పడగానే తెలిసినాది. ఆ తాడు ఎంత లాగినా పలకనేదురా. అప్పుడు మా అమ్మని అడిగినాను. నీ పుస్తె నువ్వే ఉంచుకోయే అమ్మా, నా కొడుకుని నాకు ఇచ్చీ అన్నాను. ఇచ్చీసినాది. మల్లీ ఎల్లి అది కూడా ఇమ్మంటే ఏటి బాగుంతాది?”